ముఖాలు తారుమారైన బుధవారం

ఆ పత్రికాఫీసులో అందరూ కోతలు కోసేవాళ్ళే. అందుకు జీతం తీసుకునేవాడు మాత్రం ఒక్కడే. అందుకే అతనికి కత్తెర అని పేరు పడింది. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉందనేవారు గానీ చూసినవాళ్ళు లేరు.

కత్తెర పని ఆరో పేజీ. అంటే అభిప్రాయాల పేజీ. వ్యాసం ఎంత పొడుగున్నా, రాసినవాడు ఎంత పెద్దవాడైనా, అతని బల్ల మీదికి వచ్చాక ఐదువందల యాభై మాటల్లోకి ఒదగాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల మాటలు కోసీ కోసీ, సొంత మాటలు కూడా వెంట్రుకలు కత్తిరించుకున్నట్టు పొట్టిగా కత్తిరించుకుని మాట్లాడేవాడు. అతనికో చెక్క కుర్చీ ఉంది. దానికి ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద ఏదో ఏడాది సంపాదకీయాన్ని నాలుగు మడతలు పెట్టి తోశాడు. "మన సంపాదకీయాలు దేశాన్ని నిలబెట్టాయో లేదో గానీ, నన్ను మాత్రం నిలబెట్టాయి" అనేవాడు. అది అతనికి అచ్చొచ్చిన కుర్చీ. ఇన్నేళ్ళలో అందులో కూర్చుని ఒక్క అచ్చుతప్పు కూడా పోనివ్వలేదు. ఆ కుర్చీ, ఆ పేరు - అతని ఆస్తి అంతే.

ఆరో పేజీలో ప్రతి బుధవారం 'అటూ ఇటూ' అని ఒక చర్చ వస్తుంది. దేశమంతా పళ్ళు తోముకోకుండా దానికోసం ఎదురుచూస్తుందని సంపాదకుడి నమ్మకం. ఆ ఏడాది దేశంలో ఒకటే రభస. బయటి దేశాల చెప్పుల మీద ఉన్న సుంకం తీసెయ్యాలా వద్దా అన్నది ప్రశ్న. మొదట చెప్పులతో మొదలై, తర్వాత చొక్కాలకి పాకి, చివరికి ప్రపంచీకరణ మంచిదా కాదా అన్న దగ్గర ఆగింది. దిగుమతి అంటే సరుకు దిగడమని ఒకరు, ఉన్న మతి దిగిపోవడమని ఇంకొకరు.

సుంకం తీసెయ్యమనే వైపు ప్రొఫెసర్ రాసేవాడు. సన్నని మీసం, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. ఆర్థికశాస్త్రం తప్ప ఇంకేదీ అర్థం చేసుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషి. వద్దనే వైపు చెప్పుల కార్మికుల సంఘం నాయకుడు. మొహం నిండా గడ్డం, గొంతు నిండా గర్జన. ఇద్దరివీ ఫోటో, పేరు కలిపి రెండు చిన్న డబ్బాలుగా కంప్యూటర్లో సిద్ధంగా ఉండేవి. వాటిని కత్తెర 'ముఖాలు' అనేవాడు. ముఖం పైన, వ్యాసం కింద. పేజీలో సగం ప్రొఫెసర్‌ది, సగం నాయకుడిది.

మొదట్లో ప్రొఫెసర్‌ని ఎడమవైపు, నాయకుణ్ణి కుడివైపు వేసేవారు. ఒకరోజు నాయకుడు ఆఫీసుకొచ్చి బల్ల గుద్దాడు. "నేను పుట్టింది ఎడమవైపు, పోరాడింది ఎడమవైపు! నన్ను కుడివైపు కూర్చోబెడతారా?" దానికి ప్రొఫెసర్, చదివేవాడి కన్ను ముందు ఎడమవైపే పడుతుంది కనక ఆ చోటు ఒకరికే రాసివ్వడం పోటీ సూత్రాలకి విరుద్ధం అని రెండు పేజీల ఉత్తరం రాశాడు. సంపాదకుడు మధ్యే మార్గం కనిపెట్టాడు. ఒక వారం ఆయన ఎడమ, మరుసటి వారం ఈయన ఎడమ. కాబట్టి ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికి కత్తెర చేసే మొదటి పని ముఖాలు అటూ ఇటూ మార్చడం. తర్వాత వాటి కింద వ్యాసాలు పొయ్యడం.

ఆ మంగళవారం కూడా నాలుగింటికి ముఖాలు మార్చాడు. నాయకుడు ఎడమకి వచ్చాడు, ప్రొఫెసర్ కుడికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు బల్ల మీద ఒక కాగితం వచ్చి పడింది. యజమాని సంతకం.

'పేజీల కూర్పు పనిని సముద్రాల అవతల ఒక సంస్థకి అప్పగించే ఆలోచన ఉంది. ఈ రోజు నుంచి నెల రోజులు ప్రయోగం. ఆ నెలంతా వాళ్ళూ మన పేజీలు కూరుస్తారు, మనమూ కూరుస్తాం. మనదే అచ్చవుతుంది. నెల తర్వాత నిర్ణయం. సిబ్బంది అభిప్రాయాలకు స్వాగతం.'

అభిప్రాయాలకు స్వాగతం చెప్పిన ఆ కాగితంలో అభిప్రాయం రాయడానికి వేలెడంత జాగా కూడా లేదు. కత్తెర దాన్ని మూడుసార్లు చదివాడు. ఒకసారి కళ్ళతో, ఒకసారి పెదాలతో, ఒకసారి కడుపుతో. ప్రపంచీకరణ గురించి మూడు నెలలుగా పేజీలు కూరుస్తున్నాడు గానీ, ప్రపంచం తన కుర్చీకే గురిపెట్టిందని అతనికి తట్టనే లేదు. తలెత్తి చూస్తే గడియారం నాలుగూ ఇరవై. అయ్యో, ముఖాలు మార్చనే లేదు అనుకున్నాడు.

మార్చినవాటినే మళ్ళీ మార్చాడు. ఒకసారి మారిస్తే మార్పు. రెండోసారి మారిస్తే మొదటికే వస్తుంది. ఆ తర్వాత వ్యాసాలు మాత్రం బుద్ధిగా ఆ వారం వరస ప్రకారం, నాయకుడిది ఎడమకి, ప్రొఫెసర్‌ది కుడికి పోశాడు.

మర్నాడు పొద్దున్న కత్తెర ఇంకా టీ చల్లార్చుకుంటూ ఉండగానే బావమరిది రాత్రి షిఫ్టు దిగి తలుపు తోసుకుని వచ్చాడు. అతను చెప్పుల ఫ్యాక్టరీలో అడుగులు అంటించే పనిలో ఉన్నాడు. చెప్పులు చేసే చోట పనిచేస్తున్నా, చెప్పింది మాత్రం ఎప్పుడూ వినడని వాళ్ళక్క ఫిర్యాదు.

"బావా! మా నాయకుడు చంపేశాడు బావా!"

"ఎవర్ని?"

"మా అజ్ఞానాన్ని! ఇన్నాళ్ళూ తలుపులు మూసుకుని కూర్చుంటే మనకే ఉక్కపోత అంటున్నాడు. బయటి చెప్పు లోపలికి రానిస్తేనే మన చెప్పు గడప దాటుతుందట. పొద్దున్నుంచీ మా షెడ్డంతా ఇదే మాట. నిన్నటిదాకా ఆ మాట ప్రొఫెసర్ అంటే మేం ఆయన బొమ్మకి చెప్పుల దండ వేశాం. మా నాయకుడంటేనేగా అర్థమైంది!"

కత్తెర పత్రిక లాక్కుని చూశాడు. ఎడమవైపు ప్రొఫెసర్ ముఖం. దాని కింద 'తలుపు తీస్తే గాలే రాదు, దుమ్మూ వస్తుంది' అన్న నాయకుడి వ్యాసం. కుడివైపు గడ్డం. గడ్డం కింద ప్రొఫెసర్ వ్యాసం. చేతిలో కప్పు పక్కన పెట్టి మళ్ళీ పైనుంచి కిందికి చూశాడు.

అతని భార్య వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఆవిడ కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. గోడ మీది బోర్డు చూపించి అక్షరాలు చదివించడం ఆవిడ పని. మొగుడి మొహాన్ని మాత్రం ఏ అద్దమూ లేకుండానే చదివేస్తుంది.

"ఏమైందండీ?"

"ముఖాలు."

"ముఖాలకేమైంది?"

"తారుమారయ్యాయి."

బావమరిదికి వినపడలేదు. వినపడినా ఎక్కేది కాదు. అతను అప్పటికే నాయకుడి వ్యాసాన్ని, అంటే ప్రొఫెసర్ వ్యాసాన్ని, చించి మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

* * *

కత్తెర ఆఫీసుకు తొందరగా వెళ్ళి రెండు లైన్ల సవరణ రాశాడు. పత్రికలో తప్పు పడితే మర్నాడు రెండో పేజీలో, వాతావరణం కింద, చీమ తలకాయంత అక్షరాలతో సవరణ వెయ్యడం పద్ధతి. దానికి సంపాదకుడి సంతకం కావాలి. ఇన్నేళ్ళలో తన పేజీకోసం అతను సవరణ రాయడం ఇదే మొదలు. తొలి కాన్పులా చెమటలు పట్టాయి.

సంపాదకుడి గదిలో నాలుగు ఫోన్లూ మోగుతున్నాయి. సంపాదకుడు రెండు చేతులతో రెండు, భుజానికీ చెవికీ మధ్య ఒకటి పట్టుకుని, నాలుగోదాన్ని చూపుతోనే సముదాయిస్తున్నాడు.

"సార్, ఒక తప్పు..."

"తప్పా? చరిత్రయ్యా, చరిత్ర!" ఫోన్లు దింపాడు. "ఈ దేశంలో ఇద్దరు పెద్దమనుషులు ఒకే రోజు, ఒకే పేజీలో అభిప్రాయాలు మార్చుకున్నారు. ఎక్కడైనా విన్నావా? రేపటి సంపాదకీయం రాసేశాను. 'మనసు మార్చుకునే ధైర్యం'. ఎలా ఉంది పేరు?"

"వాళ్ళు మార్చుకోలేదు సార్. నేను మార్చాను. ముఖాలు."

సంపాదకుడు పేజీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టుకుని చూశాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు. తర్వాత తలుపు వెయ్యమన్నాడు. దేశమంతా తలుపులు తెరవాలని మూడు నెలలుగా రాస్తున్న మనిషి, ముందు తన గది తలుపు వేయించాడు.

"రాసినవాళ్ళు ఫోన్ చేశారా?"

"ఇంకా లేదు సార్."

ఆ మాటకోసమే కాచుకున్నట్టు నాలుగో ఫోన్ మోగింది. నాయకుడి గర్జన గది గోడలకి కూడా వినిపించింది. "నా మొహం కింద వాడి రాతా? మీ ఆఫీసు తగలబెడతా! ఒక్క నిమిషం... రెండో ఫోన్ వస్తోంది..." మళ్ళీ లైన్లోకి వచ్చేసరికి గర్జన గొంతు దిగి గుటక వేస్తోంది. "మంత్రిగారు చేశారు. నా వ్యాసంలో దూరదృష్టి ఉందట. సుంకం కమిటీలో వేస్తానంటున్నారు. చూడండి సంపాదకుడుగారూ, ఒక కోణంలోంచి చూస్తే నేను అనాలనుకున్నది కూడా ఇంచుమించు అదే. సవరణలాంటివి వేసి చదివేవాళ్ళని కంగారుపెట్టకండి."

ప్రొఫెసర్ ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. పదిహేడేళ్ళుగా ఆయన క్లాసులో విద్యార్థులు నిద్రపోతున్నారు. ఆ పొద్దున్న మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. కార్మికుల సభలో మాట్లాడమని పిలుపు వచ్చిందట. పదివేలమంది వస్తారట. "ఏ వాదాన్నైనా లోతుగా పరిశీలిస్తే దాని ఎదుటి వాదం కూడా కనిపిస్తుంది" అన్నాడు ప్రొఫెసర్ కాస్త సిగ్గుపడుతూ. "కాబట్టి అది పూర్తిగా నాది కాదని చెప్పడం శాస్త్రీయం కాదు."

సంపాదకుడు సవరణ కాగితాన్ని కత్తెర చొక్కా జేబులో పెట్టి, పైనుంచి రెండుసార్లు తట్టాడు. "తప్పు చేసినవాడు లేడు, తప్పుతో నష్టపోయినవాడు లేడు. మరి తప్పెక్కడుందయ్యా? ఆ కాగితం నీ జేబులోనే ఉండనీ."

ఆ వారమంతా దేశం తలకిందులుగా నడిచింది. ఆరో పేజీలో రెండు ముఖాలు అటూ ఇటూ అయ్యేసరికి దేశంలో సగం ఇటు, సగం అటు అయ్యారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్మికులు 'తలుపులు తెరవండి' అని అరిచారు. ఎగుమతి వ్యాపారుల సంఘం సూటూ బూటూ వేసుకుని 'తలుపులు మూయండి' అని తీర్మానం చేసింది. సభలో మంత్రిగారు గడ్డం వ్యాసం చదివి బిల్లు పెడితే, ప్రతిపక్షం మీసం వ్యాసం చదివి బిల్లు అడ్డుకుంది. టీవీల్లో ఎనిమిదేసిమంది కూర్చుని, ఇద్దరూ ఎందుకు మారారో గంటలకొద్దీ విశ్లేషించారు. వ్యాసంలో ఏముందని అడిగినవాడు ఒక్కడూ లేడు. ముఖంలో ఏముందో అందరూ చెప్పారు.

ఇంట్లో రాత్రి భోజనం దగ్గర భార్య అంది: "ఇందులో వింతేముందండీ? మా బోర్డు మీద పైన ఒక పెద్ద అక్షరం ఉంటుంది. అది అందరూ చదివేస్తారు. రెండో వరస తడుముకుంటారు. మూడో వరసకి 'అన్నీ కనిపిస్తున్నాయమ్మా, కళ్ళద్దాలు ఇచ్చెయ్' అంటారు. ఆఖరి వరస దాకా వచ్చేవాళ్ళు పదిమందిలో ఒకరుంటే గొప్ప."

"మరి నేను పదిమందిలో ఒకరికోసం ఇరవై రెండేళ్ళు రాత్రీపగలూ దిద్దానా?"

"ఆ ఒకరు మీరే కావచ్చు. ముందు అన్నం తినండి."

* * *

కుర్చీ సంగతి మాత్రం జేబులో కాగితంలాగే గుచ్చుతూ ఉంది. ప్రయోగం పెట్టిన నెల ముగింపుకొచ్చింది. ఆరో పేజీ ఊరంతా మోగుతోంది కనక ఇంక తనని ఎవరు కదుపుతారులే అని కత్తెర లోలోపల ఆశపడ్డాడు. యజమాని స్వయంగా పిలిపించినప్పుడు ఆ ఆశ ఇంకో అంగుళం పెరిగింది.

యజమాని గదిలో గోడకి ప్రపంచపటం ఉంది. ఆయన దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఎవరైనా లోపలికి వస్తే ఆయన తల వెనక ప్రపంచమంతా కిరీటంలా కనిపిస్తుంది.

"రావయ్యా కత్తెరా! ఆ బుధవారం పేజీ నీ చేతి పనేగా? బ్రహ్మాండం. మన పత్రిక పేరు ఎత్తని టీవీ లేదు. ఇలాంటి పేజీ కూర్చినవాణ్ణి ఏ యజమాని వదులుకుంటాడు?"

అక్కడ 'చిత్తం' అని ఊరుకుంటే సరిపోయేది. కుర్చీ దక్కేది. కానీ ఇరవై రెండేళ్ళు తప్పులు వెతికిన కన్ను తన తప్పు దగ్గర మాత్రం మూసుకోనంది. కత్తెర జేబులోంచి సవరణ తీసి బల్ల మీద పెట్టాడు.

యజమాని చదివాడు. ఒక్కసారిగా నవ్వు లంకించుకున్నాడు. ఆ నవ్వుకి వెనక ప్రపంచపటం కూడా ఊగింది.

"అంటే... ముఖాలు... ఎవరూ పట్టుకోలేదూ?"

"లేదండి."

"చదివేవాళ్ళెవరైనా ఉత్తరం రాశారా?"

"తొమ్మిదివందల ఉత్తరాలు వచ్చాయండి. అన్నీ ధైర్యాన్ని మెచ్చుకుంటూ."

యజమాని నవ్వు ఆపాడు. వ్యాపారి ఆలోచనలో పడితే మొహంలో నవ్వుకి చోటుండదు. వేళ్ళతో బల్ల మీద తాళం వేశాడు. "చూడు కత్తెరా. నెల్లాళ్ళుగా నాకు ఒకటే బెంగ. ఆ సముద్రాల అవతలివాళ్ళకి మన భాష రాదు. భాష రానివాళ్ళు అభిప్రాయాల పేజీ ఎలా కూరుస్తారా అని. నువ్వు ఆ బెంగ తీర్చావు."

"నేనాండి?"

"నువ్వేగా! చదివేవాళ్ళు చూసేది ముఖాలే అని రుజువు చేశావు. ముఖాలు గుర్తుపట్టడానికి భాషెందుకయ్యా? నిజం చెప్పినందుకు నిన్ను అభినందించాలి." లేచి చెయ్యి కలిపాడు. "ఈ నెలాఖరు దాకా రా."

కత్తెర తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అది ఎప్పటిలాగే ఒక పక్కకి ఒరిగింది. కిందకి చూస్తే మడత పెట్టిన సంపాదకీయం జారిపోయింది. తీసి దుమ్ము దులిపి, ఇన్నేళ్ళకి మొదటిసారి మడతలు విప్పి చదివాడు. శీర్షిక 'అనుభవానికి ప్రత్యామ్నాయం లేదు.' మళ్ళీ మడిచి కాలి కిందే పెట్టాడు.

* * *

ఆఖరి రోజు అతను ఒక్క దొంగపని చేశాడు. రెండో పేజీ కూర్చే సహోద్యోగి టీకి వెళ్ళినప్పుడు, సంపాదకుడి సంతకం లేకుండానే, వాతావరణం కింద రెండు లైన్లు దూర్చాడు.

'గత నెల మొదటి బుధవారం ఆరో పేజీలో ఇద్దరు రచయితల ముఖాలు తారుమారయ్యాయి. చింతిస్తున్నాం.'

మర్నాడు పొద్దున్న కత్తెర కిటికీ దగ్గర కూర్చుని వీధి వైపు చెవి పెట్టాడు. భూమి బద్దలు కాలేదు. పైన వాతావరణంలో 'ఆకాశం నిర్మలంగా ఉంటుంది' అని రాసి ఉంది. నిజంగానే నిర్మలంగా ఉంది. బావమరిది వచ్చి పత్రిక తిరగేసి, పేజీ చివర దాకా వెళ్ళి, "వాన లేదట బావా" అన్నాడు.

"దాని కింద?"

"దాని కిందేముంటుంది? ప్రెస్సు పేరేగా!"

నాలుగో రోజు, ఆఫీసు నుంచి దారి మళ్ళి ఒక ఉత్తరం ఇంటికి వచ్చింది. బయటి దేశం స్టాంపు. లోపల గుండ్రటి, బడిపిల్లల అక్షరాలు. కత్తెర బిగ్గరగా చదువుతుంటే భార్య చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది.

'ఆర్యా! నేను సముద్రమునకు ఆవలి యొడ్డున మీ పత్రికా పుటలను కూర్చుదానను. మీ భాష నాకెవ్వరును నేర్పలేదు. ముఖములు చాలునని మా యధికారులు సెలవిచ్చిరి. కాని అర్థము తెలియని యక్షరములను పేర్చుట నాకు సిగ్గనిపించి, మీ పాత పత్రికల నుండి నేర్చుకొంటిని. మీరు వేసిన సవరణ చదివితిని. ఆ బుధవారము మేము కూర్చిన ప్రతిలో ముఖములు సరిగానే యుండెను. మీ ప్రతిలో తారుమారగుట నేనా దినముననే కనుగొంటిని. చెప్పుట మా యొప్పందములో లేదు. క్షమింపుడు. మీ కుర్చీ నాకు లభించినందులకును క్షమింపుడు.' కింద ఒక ఫోన్ నంబరు.

"ఇదేం భాషండీ బాబూ!" అంది భార్య.

"మన సంపాదకీయం భాష. పాపం, అది చదివి నేర్చుకుంది. బయటికెళ్ళి ఎవరితో మాట్లాడుతుందో ఏమో." ఉత్తరాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివాడు. "పదిమందిలో ఒకరన్నావు చూడు. ఈ పిల్లే."

"తీరా దొరికితే ఆ ఒక్కరే మీ కుర్చీ ఎత్తుకుపోయారు."

"చదివి ఎత్తుకుపోయింది. అది వేరు."

* * *

బుధవారం వచ్చింది. సముద్రాల అవతల కూర్చిన మొదటి 'అటూ ఇటూ' అది. కత్తెర వీధి చివర కొట్టుకి నడిచి వెళ్ళి సొంత డబ్బుతో పత్రిక కొన్నాడు. అక్కడే నిలబడి విప్పాడు. విప్పినవాడు విప్పినట్టే ఉండిపోయాడు.

ఎడమవైపు నాయకుడి గడ్డం. గడ్డం కింద 'తలుపులు బార్లా తెరవండి'. కుడివైపు ప్రొఫెసర్ మీసం. మీసం కింద 'గొళ్ళెం పెట్టండి'.

తారుమారు! మళ్ళీ అదే తారుమారు!

ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలీదు. చెప్పులు కూడా విడవకుండా లోపలికి దూసుకొచ్చాడు. "ఏమోయ్! నా చొక్కా! ఇస్త్రీ చేసింది! యజమాని దగ్గరికెళ్ళాలి. ముఖాలకి భాష అక్కర్లేదన్నాడుగా? ఇదిగో, మొదటి వారమే బోల్తా! ఇంక నా కుర్చీ నాకివ్వక ఛస్తాడా!"

ఇరవై రెండేళ్ళలో అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం ఆవిడ వినలేదు. చొక్కా తెచ్చింది. ఇవ్వలేదు. చేతి మీద వేసుకుని నిలబడింది.

"ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యండి."

"ఎందుకు?"

"ఆఖరి వరస దాకా చదివే పిల్ల పై వరస తప్పుతుందా? తప్పినా, ముందు తనకి చెప్పాలి. మీ కుర్చీ పోయినట్టే ఆ పిల్ల కుర్చీ పోగొట్టడం మీకు బాగుంటుందా?"

కత్తెర చొక్కా వైపు చూశాడు. పత్రిక వైపు చూశాడు. ఫోన్ తీశాడు. అవతల సన్నని గొంతు పలికింది.

"ఎవరు మాటలాడుచున్నారు?"

"నేనమ్మా. సవరణ ఆయన్ని."

"ఆర్యా! మీరా!" ఆ గొంతులో ఆనందం చూస్తే పెద్ద ఆఫీసరు ఫోన్ చేసినట్టే ఉంది. "మీరెందులకు పిలిచితిరో యెఱుగుదును. ముఖములు, గదా?"

"అవునమ్మా. కంగారుపడకు, మొదటి వారం కదా, ఎవరికైనా..."

"ముఖములు సరిగానే యున్నవి ఆర్యా. నాకును సందేహము కలిగెను. ఇరువురకును మూడేసి సారులు ఫోను చేసితిని. 'అది నా వ్యాసమే, నా ముఖమే' యని ఇరువురును నొక్కి చెప్పిరి. నాయకుడుగారికి కమిటీ అధ్యక్షపదవి వచ్చెనట. ప్రొఫెసరుగారు కార్మికుల తరఫున ఎన్నికలలో నిలుచుచున్నారట." ఆగి, కాగితం చూసుకుంటున్నట్టు నెమ్మదిగా అంది: "మీరు సవరించినది తప్పును. వారు సవరించుకొనినది అభిప్రాయమును."

కత్తెర కుర్చీలో కూలబడ్డాడు. ఇంట్లో కుర్చీ. దీనికి నాలుగు కాళ్ళూ సమానమే. అందుకే దాని మీద అతనికి ఎప్పుడూ సరిగ్గా కుదరదు. కాసేపటికి అడిగాడు: "రెండు వ్యాసాలూ చదివావా అమ్మా?"

"ప్రతి యక్షరము."

"ఎలా ఉన్నాయి?"

"నిజము చెప్పవచ్చునా? మీరు తప్పుగా అచ్చువేసిన నాటివే బాగుండెను. ఆనాడు ముఖములు మారినను, వ్రాసినవారు నమ్మి వ్రాసిరి."

అతను ఫోన్ పెట్టేసరికి బావమరిది గుమ్మంలో ఉన్నాడు. చంకలో పత్రిక, మొహంలో వెలుగు. కాళ్ళకి కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటున్నాయి. బయటి దేశం సరుకు.

"బావా! చూశావా? మా నాయకుడు మాట మీద నిలబడ్డాడు బావా! మనిషంటే అలా ఉండాలి, ఒక్క ముఖం, ఒక్క మాట!"

"మరి మీ ఫ్యాక్టరీ?"

"వచ్చే నెలనుంచి వారానికి మూడ్రోజులే పని. అయినా మా నాయకుడే ఒప్పుకున్నాక ఇంక మేమేం మాట్లాడతాం!"

భార్య ఇస్త్రీ చొక్కాని మళ్ళీ మడిచి బీరువాలో పెట్టింది. కత్తెర పత్రికలో ఆరో పేజీని విడదీసి, నాలుగు మడతలు పెట్టి, ఇంట్లో కుర్చీ కాలి కింద తోశాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.

ఇప్పుడు కుదిరింది.